రాత్రి గుర్రపు స్వారీ: గుర్రాలకు నిండు మార్కులు, దీపాలకు సగమే

పగటిపూట స్వారీ కొంతకాలంగా చేస్తున్నప్పటికీ, పొద్దుగూకిన తరువాత గుర్రమెక్కడం నాకు ఇదే మొదటిసారి. ఒక స్వారీ కేంద్రం వారు నడిపే రాత్రి విహారానికి ఆరుగురం వెళ్ళాము. ముందొక శిక్షకుడు, వెనుకొక శిక్షకురాలు తమ గుర్రాల మీద వచ్చారు. గంటన్నర సాగిన ఆ విహారంలో గుర్రాల ఎంపికనూ, వాటికిచ్చిన తర్ఫీదునూ వంక పెట్టడానికి లేదు కానీ, వెలుతురు విషయంలో మాత్రం నిర్వాహకులు తమ గుర్రాల కళ్ళను తామే నమ్మలేదని చెప్పక తప్పదు.

గుర్రాలను దీపాలు వెలుగుతున్న శాలలోంచి నేరుగా దారి మీదికి తీసుకుపోలేదు. వెలుతురు లేని ఆవరణలో ముప్పావుగంట సేపు నిలబెట్టారు. మాలో ఒకరిద్దరు విసుక్కున్నారు గానీ అది వృథాగా పోయిన సమయం కాదు. మనిషి కన్ను చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడితే, గుర్రం కంటికి అంతకన్నా ఎక్కువ సేపే కావాలి. ఒకసారి అలవాటు పడిన తరువాత మాత్రం దానికి మనం సాటి రాము. దాని కంటిలో రెటీనా వెనుక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన కాస్త వెలుగునూ అది మళ్ళీ రెటీనా మీదికి తిప్పి పంపుతుంది. రాత్రి టార్చి వేసినప్పుడు గుర్రం కళ్ళు తళుక్కుమనేది ఆ పొర వల్లనే.

జీను పట్టీని ఎక్కకముందు ఒకసారి, కొంతదూరం నడిపించాక మరోసారి బిగించారు. పట్టీ బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట బిగబట్టి, ఆనక వదిలేస్తాయి. జీను పక్కకు జారుతున్నదో లేదో చీకట్లో కంటికి కనిపించదు కనుక ఈ రెండో తనిఖీ చాలా అవసరం. హెల్మెట్లు తలకు సరిపోయాయి. లోపలి చెమట వాసన గురించి రాయకపోవడం మర్యాదే గానీ, అది ఇంటికి వచ్చాక కూడా వదలలేదు.

నాకిచ్చినది ముదురు గోధుమరంగు ఆడగుర్రం. చెట్ల కిందికి వెళ్ళేసరికి దాని జూలు కూడా నాకు కనిపించలేదు. ఆకాశానికి ఎదురుగా నల్లగా రెండు చెవులు మాత్రం కనిపించాయి. కాసేపటికి ఎడమ చెవి ఒక్కటే పక్కకు తిరిగి అక్కడే నిలిచిపోయింది. నాలుగడుగులు వేశామో లేదో ఆ వైపు పొదలోంచి ఏదో పక్షి రెక్కలు టపటపలాడిస్తూ లేచింది. ఉలిక్కిపడినది నేనే, గుర్రం కాదు. అప్పటినుంచి దారి చూడడం మానేసి ఆ చెవులనే చూస్తూ కూర్చున్నాను. భయం కొద్దీ పగ్గాలను బిగించి పట్టుకున్న నాకు, వాటిని వదులు చేయమని శిక్షకురాలు వెనుకనుంచి రెండు మూడు సార్లు చెప్పవలసి వచ్చింది. తల దించుకోవడానికి చోటు దొరకగానే గుర్రం వాగు అంచును వాసన చూసి, కాలితో తడిమి, తనంతట తానే నీళ్ళలోకి దిగింది.

దారి పొడవునా నడకే తప్ప పరుగు లేదు. అది చప్పగా ఉందని అన్నవారితో నేను ఏకీభవించను. గుర్రం తన ఒంటికి చోటు చూసుకుంటుందే తప్ప, పైనున్న మన తలకు తగిలే కొమ్మను లెక్కలోకి తీసుకోదు. ముందున్న శిక్షకుడు "కొమ్మ!" అని కేక వేయడం, ఆ మాటను ఒకరి నుంచి ఒకరం వెనక్కి అందించడం నడకలోనే కుదురుతుంది.

అసలు లోపం ఆయన హెల్మెట్‌కు ఉన్న తెల్లటి ఎల్‌ఈడీ దీపం. మాతో మాట్లాడడానికి ఆయన వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఆ వెలుగు మా కళ్ళలోనూ, గుర్రాల కళ్ళలోనూ పడింది. ముప్పావుగంట ఓపిక పట్టి సంపాదించుకున్న చీకటి చూపు ఒక్క క్షణంలో పోయింది. పైగా దీపం కదిలితే రాళ్ళ నీడలూ కదులుతాయి. అంతవరకు నిబ్బరంగా నడిచిన నా గుర్రం అలాంటి ఒక నీడను చూసి బెదిరి పక్కకు గెంతింది. మసక ఎర్రదీపం పెట్టుకుంటే ఈ బాధ ఉండేది కాదు, ఎందుకంటే మన కంట్లో చీకటి చూపుకు ఉపయోగపడే కణాలు ఎరుపును దాదాపు పట్టించుకోవు, గుర్రానికీ ఎరుపు అంతగా ఆనదు. ఈ మాట తిరిగి వచ్చాక చెబితే, వెలుతురు లేకపోతే వచ్చినవారు భయపడతారని సమాధానమిచ్చారు. అది నిజమే కావచ్చు. ఆ భయాన్ని బయలుదేరే ముందు ఐదు నిమిషాలు మాట్లాడి తగ్గించవచ్చు.

విచిత్రమేమిటంటే, వెలుగు నిజంగా కావలసిన చోట అది చాలలేదు. చివర్లో వాహనాలు తిరిగే రోడ్డును దాటాము. మాకు మెరిసే జాకెట్లు ఇచ్చారు, చివరి గుర్రానికి వెనుక ఎర్రదీపం కూడా ఉంది, కానీ గుర్రాల కాళ్ళకు మెరుపు పట్టీలు లేవు. ఆడుతున్న కాళ్ళ మీద ఆ పట్టీలు మెరిస్తే, ఎదురుగా వచ్చేది జంతువని డ్రైవరు దూరం నుంచే పోల్చుకోగలడు.

ఇంకొక ఫిర్యాదు కూడా ఉంది. అంతకుముందు ఎన్నడూ గుర్రమెక్కని వ్యక్తిని మాతో పంపారు. ఆయన గుర్రాన్ని తాడుతో పట్టుకుని నడిపించే పని శిక్షకురాలి మీద పడడంతో, రెండో సగమంతా మిగిలిన వారిని వెనుకనుంచి గమనించేవారు లేకపోయారు. పగటిపూట గుర్రాన్ని సొంతంగా నడపడం, ఆపడం, తిప్పడం వచ్చినవారినే రాత్రి విహారానికి తీసుకోవాలి. ఆ నియమం పెట్టి, ఆ తెల్లదీపాన్ని మార్చిన రోజున నేను మళ్ళీ వెళ్తాను. అదే ఆడగుర్రాన్ని ఇమ్మని ముందుగానే అడుగుతాను.