హెచ్‌పీవీ టీకా: ఒక డోసా, రెండా, మూడా? ఏది మేలు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ)ను అడ్డుకునే టీకా 2006లో తొలిసారి వాడకంలోకి వచ్చినప్పుడు ఆరు నెలల వ్యవధిలో మూడు డోసులు వేసేవారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 ఏళ్లలోపు అమ్మాయిలకు రెండు చాలంది. 2022 చివర్లో ఇంకో మెట్టు దిగి, 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకు ఒక్క డోసుతో సరిపెట్టినా ఫర్వాలేదని చెప్పింది. అంటే పదహారేళ్లలో డోసుల సంఖ్య మూడో వంతుకు దిగింది. పిల్లల తల్లిదండ్రులకు ఇక్కడ అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. మొదట్లో అవసరం లేకపోయినా ఎక్కువ వేశారా? లేక ఇప్పుడు డబ్బు ఆదా చేయడానికి పిల్లల రక్షణలో కోత పెడుతున్నారా?

డబ్బు లెక్క ఇందులో ఉంది, దాచాల్సిందేమీ లేదు. ఉన్న టీకాలతోనే రెట్టింపు మంది పిల్లలకు వేయొచ్చు. ప్రతి బడికీ రెండోసారి వెళ్లే శ్రమ తప్పుతుంది. అయితే డబ్బు మిగులుతుందని టీకా పనిచేయదు కదా, అది శరీరంలో తేలాలి. ఇప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది: 9-14 ఏళ్ల ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఎన్ని డోసులు అన్నదాని కంటే మొదటి డోసు ఎప్పుడు పడింది అన్నదే పెద్ద విషయం.

హెచ్‌పీవీలో రెండు వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో 16, 18 అనే రెండు రకాలే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. 2022 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా సుమారు 6.6 లక్షల మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 3.5 లక్షల మంది చనిపోయారు. అందుకే ఏ పరిశోధనలోనైనా మొదట చూసేది 16, 18 రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా టీకా ఆపిందా లేదా అనే.

డోసుల దగ్గరికి వెళ్లే ముందు సున్నా డోసుల సంగతి. వైరస్ సోకితే ఒంట్లో సహజంగానే రోగనిరోధక శక్తి వస్తుంది కదా, మళ్లీ టీకా ఎందుకని అడిగేవాళ్లున్నారు. తట్టు లాంటి జబ్బుకు ఆ మాట కొంత నప్పుతుంది, ఒకసారి వస్తే జీవితాంతం రక్షణ ఉంటుంది. హెచ్‌పీవీ అలా కాదు. అది చర్మంలో, లోపలి పొరల్లోనే ఉండిపోతుంది. రక్తంలోకి రాదు, కణాలను పగలగొట్టి గోల చేయదు. దాంతో రోగనిరోధక వ్యవస్థకు అది వచ్చిన సంగతే సరిగ్గా తెలియదు. సోకినవాళ్లలో చాలామందికి కొలవదగ్గ యాంటీబాడీలే తయారు కావు, తయారైనా అంతంత మాత్రమే. కోస్టారికాలో చేసిన పరిశోధనలో ఒక్క డోసు తీసుకున్నవాళ్లను నాలుగేళ్ల తర్వాత చూస్తే, 16 రకం మీద వాళ్ల యాంటీబాడీలు సహజంగా సోకినవాళ్ల కంటే తొమ్మిది రెట్లు, 18 రకం మీద ఐదు రెట్లు ఎక్కువగా ఉన్నాయి. కాబట్టి సున్నాకూ ఒకటికీ మధ్య పోటీయే లేదు. పోటీ అంతా ఒకటి, రెండు, మూడు మధ్యనే.

ఒక్కటి చాలని ఎలా తెలిసింది?

ఇది ఎవరో ముందే అనుకుని చేసిన ప్రయోగం వల్ల బయటపడలేదు. కోస్టారికాలో 2004లో మొదలైన పరిశోధనలో 18-25 ఏళ్ల మహిళలు ఏడు వేల మందికి పైగా చేరారు. వాళ్లలో హెచ్‌పీవీ టీకా గ్రూపులో ఉన్నవాళ్లందరికీ మూడు డోసులు వేయాలన్నదే ప్లాను. కానీ గర్భం రావడం లాంటి కారణాలతో ఐదో వంతు మంది మూడూ పూర్తి చేయలేదు. కొందరు ఒక్క డోసుతోనే ఆగిపోయారు. పదకొండేళ్ల తర్వాత చూస్తే 16, 18 రకాల మీద రక్షణ ఒక డోసు వాళ్లలో 82 శాతం, రెండు డోసుల వాళ్లలో 84, మూడు డోసుల వాళ్లలో 80 శాతం. ఆ చిన్న చిన్న తేడాలకు అర్థం లేదు, ముగ్గురూ సమానమే అనుకోవాలి.

ఇండియాలో జరిగింది ఇంకా విచిత్రం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో 2009లో 10-18 ఏళ్ల అమ్మాయిల్లో రెండు డోసులను మూడు డోసులతో పోల్చే పరిశోధన మొదలైంది. అదే సమయంలో ఖమ్మం, వడోదర జిల్లాల్లో వేరే సంస్థ ఆధ్వర్యంలో హెచ్‌పీవీ టీకాతోనే ఒక ప్రాజెక్టు నడుస్తోంది. అక్కడ కొందరు అమ్మాయిలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం హెచ్‌పీవీ టీకా పరిశోధనలన్నీ ఆపించింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేసిన తీరును విచారణ కమిటీ, తర్వాత పార్లమెంటరీ సంఘం గట్టిగానే తప్పుపట్టాయి. ఆ తప్పుపట్టడం న్యాయమే.

మొత్తానికి ప్రభుత్వం ఆపమన్న రోజుకి 17,729 మంది అమ్మాయిలకు టీకా పడింది. వాళ్లలో 4,950 మంది ఒక్క డోసు దగ్గరే ఉండిపోయారు. ఇక్కడ ఒక కీలకం ఉంది. మామూలుగా డోసులు మధ్యలో మానేసేవాళ్ల ఆరోగ్యమో, అలవాట్లో, ఇంటి పరిస్థితో మిగతావాళ్ల కంటే వేరుగా ఉండొచ్చు. అలాంటప్పుడు పోలిక చెడిపోతుంది. ఈ అమ్మాయిలు తమంతట తాము మానలేదు, ఆదేశం వచ్చి ఆగింది. అందుకే ఈ పోలికకు బలం ఎక్కువ. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, 16, 18 రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక డోసు 95.4 శాతం, రెండు డోసులు 93.1, మూడు డోసులు 93.3 శాతం కాపాడాయి.

అయినా లాటరీ వేసి గ్రూపులుగా విడదీసి చూడనిదే నిపుణులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కెన్యాలో 15-20 ఏళ్ల అమ్మాయిలు 2,275 మందిని అలాగే విడదీశారు. కొందరికి ఒక్క డోసు హెచ్‌పీవీ టీకా, మిగతావాళ్లకు పోలిక కోసం మెనింజైటిస్ టీకా. ఈ అమ్మాయిలంతా అప్పటికే లైంగిక జీవితం మొదలైనవాళ్లు, అంటే వైరస్ ఎదురుపడే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లు. అలాంటి చోట కూడా ఒక్క డోసు ఏడాదిన్నర తర్వాత 97.5 శాతం రక్షణ ఇచ్చింది, మూడేళ్ల తర్వాతా అది తగ్గలేదు. ఆపైన కోస్టారికాలోనే 12-16 ఏళ్ల అమ్మాయిలు ఇరవై వేల మందికి పైగా చేరిన మరో పరిశోధన ఒక డోసునూ రెండు డోసులనూ ఐదేళ్లపాటు నేరుగా పోల్చి చూసింది. ఒకటి రెండుకు తీసిపోదని 2025లో ఫలితం వచ్చింది.

యాంటీబాడీలు తగ్గుతాయి కదా?

తగ్గుతాయి, నిజమే. టాంజానియాలో 9-14 ఏళ్ల అమ్మాయిలు 930 మందికి ఒకటి, రెండు, మూడు డోసులు వేసి చూశారు. ఒక డోసు వాళ్లలో యాంటీబాడీల మోతాదు మిగతా ఇద్దరి కంటే స్పష్టంగా తక్కువ. రిపోర్టులో ఆ అంకెలు మాత్రమే చూసినవాళ్లు రెండో డోసుకు పరిగెత్తుతారు. కానీ ఆ తక్కువ మోతాదు ఏళ్ల తరబడి అలాగే నిలకడగా ఉంది, పడిపోతూ పోలేదు. చూడాల్సింది ఆ నిలకడే.

ధనుర్వాతం టీకా లాంటివి ఒక్క డోసుతో ఎక్కువ కాలం నిలవవు, దీనికే ఎందుకింత దమ్ము? టీకా తయారీలో ఉంది రహస్యం. వైరస్ పైపొరలోని ఎల్1 అనే ప్రోటీన్‌ను ల్యాబులో తయారుచేస్తే, 360 ప్రోటీన్లు వాటంతట అవే కూడుకుని అచ్చం వైరస్ రూపంలో ఉండే బోలు గుండ్లుగా మారతాయి. లోపల జన్యు పదార్థం ఉండదు కాబట్టి జబ్బు చేసే అవకాశమే లేదు. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ ఈ దారి చూపించారు. ఒకే ప్రోటీన్ అంత ఒత్తుగా, అంత క్రమంగా పేర్చి ఉండటం చూసి మన రోగనిరోధక వ్యవస్థలోని బి కణాలు దాన్ని నిజమైన వైరస్ కిందే లెక్కేస్తాయి. దాంతో ఎముక మజ్జలో ఏళ్ల తరబడి బతికి ఉండి యాంటీబాడీలు తయారుచేస్తూ ఉండే కణాలు పుడతాయి. దీనికి తోడు వైరస్ వైపు నుంచీ ఒక బలహీనత ఉంది. అది కణంలోకి దూరడానికి గంటల సమయం తీసుకుంటుంది. ఆ లోపు కొద్దిపాటి యాంటీబాడీలు తగిలినా దాని పని అయిపోతుంది. అందుకే మోతాదు తక్కువున్నా రక్షణ తగ్గట్లేదు.

వయసు దగ్గర లెక్క మారుతుంది

9-14 ఏళ్ల పిల్లల్లో ఈ టీకాకు ఒళ్లు స్పందించే తీరు పెద్దవాళ్ల కంటే చురుగ్గా ఉంటుంది. ఆ వయసులో రెండు డోసులు వేస్తే వచ్చే యాంటీబాడీలు, 16-26 ఏళ్ల వాళ్లకు మూడు డోసులు వేస్తే వచ్చేవాటికి తీసిపోవు. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఈ టీకా వైరస్‌ను లోపలికి రానివ్వదు గానీ, వచ్చేసినదాన్ని వెళ్లగొట్టలేదు. ఆలస్యమయ్యే కొద్దీ వైరస్ ముందే చేరి ఉండే అవకాశం పెరుగుతుంది.

ఇది క్యాన్సర్ లెక్కల్లోనే కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో 12-13 ఏళ్లకు టీకా అందిన తరంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 87 శాతం తగ్గింది. 14-16 ఏళ్లకు అందినవాళ్లలో 62 శాతం, 16-18 ఏళ్లకు అందినవాళ్లలో 34 శాతమే. అదే దేశం, అదే టీకా. నాలుగైదేళ్ల ఆలస్యానికి అంత మూల్యం. స్వీడన్‌లోనూ 17 ఏళ్లలోపు వేయించుకున్నవాళ్లలో 88 శాతం, ఆ తర్వాత వేయించుకున్నవాళ్లలో 53 శాతం తగ్గుదల కనిపించింది.

స్కాట్లాండ్ లెక్క నాకు అన్నిటికంటే బాగా నచ్చింది, ఎందుకంటే డోసులూ వయసూ రెండూ ఒకేచోట తేలాయి. 12-13 ఏళ్లకే టీకా వేయించుకున్నవాళ్లలో లోపలి కణజాలంలోకి పాకిన (ఇన్వేసివ్) క్యాన్సర్ కేసు ఒక్కటి కూడా కనిపించలేదు, వాళ్లు ఎన్ని డోసులు తీసుకున్నారన్నదానితో నిమిత్తం లేకుండా. 14-22 ఏళ్ల మధ్య వేయించుకున్నవాళ్లలో మాత్రం మూడు డోసులు పూర్తయినవాళ్లకే స్పష్టమైన మేలు కనిపించింది. అంటే చిన్న వయసులో ఒకటి చేసిన పనిని, ఆలస్యమయ్యాక మూడు చేయాల్సి వచ్చింది.

కాబట్టి పదేళ్ల పాప విషయంలో "రెండూ ఒకే ప్యాకేజీగా తర్వాత వేయిద్దాంలే" అని వాయిదా వేయడం కంటే ఒక్కటి ఇప్పుడే వేయించడం మేలు. రెండోది అందుబాటులో ఉండి, మీ డాక్టరు చెబితే వేయించండి, దానివల్ల నష్టమేమీ లేదు. అది లేదని టెన్షన్ మాత్రం పడొద్దు. 15-20 ఏళ్ల మధ్య వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకటైనా సరే, రెండైనా సరే అంటోంది. స్కాట్లాండ్ లెక్క చూశాక ఆ వయసులో నేనైతే రెండువైపే మొగ్గుతాను. 21 దాటితే ఆరు నెలల తేడాతో రెండు, అక్కడ తర్జనభర్జన లేదు.

రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్న పిల్లల సంగతి పూర్తిగా వేరు. హెచ్ఐవీ ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవాళ్లు ఏ వయసులో ఉన్నా కనీసం రెండు, వీలైతే మూడు తీసుకోవాలి. పైన చెప్పిన ఒక్క డోసు ఫలితాలు ఆరోగ్యవంతులవి, వీళ్లకు వర్తింపజేయకూడదు.

మగపిల్లల మాట కూడా వస్తుంది. గొంతు, మలద్వారం, పురుషాంగ క్యాన్సర్లలో హెచ్‌పీవీ పాత్ర ఉంది, కాబట్టి వాళ్లకూ టీకా వల్ల ప్రయోజనం ఉంది. ఆస్ట్రేలియా 2013 నుంచి, బ్రిటన్ 2019 నుంచి అబ్బాయిలకూ వేస్తున్నాయి. ఈ రెండు దేశాలూ 2023లో ఆరోగ్యవంతులైన అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒక్క డోసుకు మారాయి. కానీ ఒక్క డోసు మీద గట్టి రుజువులన్నీ అమ్మాయిల నుంచి వచ్చినవే. టీకాలు సరిపడా లేని చోట ముందు అమ్మాయిలందరికీ అందించాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వరుసే నాకూ సబబనిపిస్తుంది.

ఇక రెండు వైరస్ రకాలను ఆపే టీకానా, నాలుగు రకాలదా, తొమ్మిది రకాలదా అంటే, 16, 18 మూడింట్లోనూ ఉన్నాయి. తొమ్మిది రకాలది వేయించుకోగలిగితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో 90 శాతం దాకా కారణమయ్యే రకాలు కవరవుతాయి. లేకపోతే దొరికింది వేయించండి, దీనికోసం ఏడాది ఆగడం దండగ. సూది వేశాక పావుగంట కూర్చోబెట్టండి, టీనేజీ పిల్లలకు కళ్లు తిరగడం మామూలే. చెయ్యి నొప్పి ఒకటి రెండు రోజులు ఉంటుంది.

ఇప్పటికే ఒక డోసు వేయించి రెండోది మర్చిపోయినవాళ్లు ఎంత కాలమైనా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. పడిన డోసు లెక్కలోనే ఉంటుంది, కావాలంటే రెండోది ఎప్పుడైనా కలుపుకోవచ్చు. ఎన్ని డోసులు తీసుకున్నా పెద్దయ్యాక గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్ మాత్రం మానకూడదు, ఎందుకంటే టీకాలో లేని రకాలు ఇంకా బయట ఉన్నాయి.