పాత స్విఫ్ట్‌కి ఫుల్ ఇన్సూరెన్స్: ఇన్నేండ్లు కట్టి, క్లెయిమ్ కూడ చేసినంక నా రివ్యూ

మా నల్లగొండ దిక్కు చానామంది కార్ ఐదారేండ్లు దాటంగనే ఫుల్ ఇన్సూరెన్స్ బంద్ చేసి థర్డ్ పార్టీ (మన బండితోని ఎదుటోళ్లకు అయిన నష్టానికే ఇచ్చేది) ఒక్కటే కట్టుకుంటరు, పాత బండికి కంపెనీ ఏమిస్తది దండుగ అంటరు. నాది 2013 స్విఫ్ట్ వీడీఐ. కొన్నకాడి నుంచి ఒక్క ఏడు తప్పకుండ ఫుల్ పాలసీనే కడుతున్న, పోయిన యాసంగి కోతలప్పుడు మొదటిసారి పెద్ద క్లెయిమ్ పడ్డది, పైసలు వచ్చినయ్. నేనైతే పాత కార్‌కి ఫుల్ పాలసీ ఉండాల్నే అంట, కాకపోతే ఐడీవీ ఎంత రాసిండ్రో చూసుకోని కట్టాలె. ఐడీవీ అంటే కంపెనీ మన బండికి కట్టిన విలువ, రేపు క్లెయిమ్‌ల అన్ని లెక్కలు దాని చుట్టే తిరుగుతయ్.

యాక్సిడెంట్ గురించి పెద్దగ చెప్పేది లేదు. రాత్రిపూట మిర్యాలగూడ పోతున్న, తిప్పర్తి దాటినంక రోడ్డుకు ఒక పక్కంత వడ్లు ఆరబోసి రాళ్లు పెట్టిండ్రు, ఇంకో పక్క మిల్లుకు పోయే వడ్ల ట్రాక్టర్, ట్రాలీకి లైటు లేదు రేడియం స్టిక్కర్ లేదు, బ్రేక్ కొట్టినా ఆగలే. మనుషులకు ఏం కాలే అదే చాలు. బండికి ముందరంత పోయింది, బానెట్, బంపర్, హెడ్‌లైట్లు, రేడియేటర్, ఏసీ కండెన్సర్, ఎడమ ఫెండర్, అద్దం. అక్కడికక్కడే ఫోటోలు తీసి కంపెనీ టోల్ ఫ్రీకి చేసి క్లెయిమ్ నంబర్ తీసుకున్న, ఠాణాల దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్న. క్రేన్‌కు 3,000 అయింది, మామూలు పాలసీల టోయింగ్‌కు 1,500 దాకనే ఇస్తరు, అంతే ఇచ్చిండ్రు.

అసలు కథ షోరూమ్‌ల షురూ అయింది. వాళ్లు అన్ని కొత్త పార్టులే రాసి 1,52,000 ఎస్టిమేట్ ఇచ్చిండ్రు. నా ఐడీవీ 1,80,000. పాలసీల ఏముంటదంటే రిపేర్ ఖర్చు ఐడీవీల 75 శాతం దాటితే టోటల్ లాస్, అంటే బండి రిపేర్‌కు గిట్టదు అని తీస్తరు, నాకు ఆ గీత 1,35,000 కాడ ఉన్నది. నష్టం లెక్క కట్టే సర్వేయర్ వచ్చి చూసి "ఇది టోటల్ లాస్‌కే పోతది సార్, ఐడీవీ తీసుకోని బండి అప్పజెప్పుండ్రి, మీకే మంచిది" అన్నడు. 1,80,000 చేతికొస్తే మంచిదే కదా అనిపిస్తది ఎవలికైనా, కాని అన్నేండ్లు ఒక్క చెయ్యి మీద నడిచిన డీజిల్ బండి, ఇంజన్‌కు ఏం కాలే, ఛాసిస్ వంగలే, ఆ పైసలకు బయట అట్లాంటి బండి నాకెవడిస్తడు? ఇంకోటి, టోటల్ లాస్ బండిని తుక్కు కింద ఎవలో పాడుకోని కొంటరు, ఆర్సీ మన పేరు మీదనే ఉండిపోయి ఆ బండి మళ్ల రోడ్డెక్కితే తిప్పలు మనకే, అందుకే టోటల్ లాస్‌కు ఒప్పుకునేటోళ్లు ఆర్సీ క్యాన్సల్ అన్నా, పేరు మార్పిడి అన్నా కాగితం చేతికి వచ్చేదాక వదలొద్దు.

నేను బండిని షోరూమ్ నుంచి తీసి మా ఊర్ల జీఎస్టీ బిల్లు ఇచ్చే షెడ్డుకు మార్చిన. జీఎస్టీ బిల్లు చూసుకోవాలె, తెల్లకాగితం మీద రాసిచ్చే బిల్లు నడవదు. షెడ్డు మేస్త్రీ "అన్నా, క్రాస్ మెంబర్ (ముందరి అడ్డ ఇనుప పట్టీ) మొత్తం మార్చే పని లేదు, గుంజి సెట్ చేస్త" అని 94,000కి ఎస్టిమేట్ ఇచ్చిండు. సర్వేయర్‌కు ఫోన్ చేసి, మెయిల్ కూడ పెట్టి, రిపేర్ పద్ధతిలనే క్లెయిమ్ చూడుమని అడిగిన. మళ్ల వచ్చి చూసి ఒప్పుకున్నడు. ఒక్కసారి ఆలోచించుండ్రి, ప్రీమియం తగ్గుతదని నేను ఐడీవీ 1,20,000 పెట్టుకోని ఉంటే గీత 90,000 కాడనే పడేది, సర్వేయర్ లెక్క పట్టిన తీరుకు ఈ షెడ్డు ఎస్టిమేట్ కూడ దాటిపోయేది, బండి పోయేది. ఐదేండ్లు దాటిన బండికి ఐడీవీకి పట్టిక ఏం ఉండదు, కంపెనీ మనం మాట్లాడుకోని పెట్టుకునుడే, ఆన్‌లైన్‌ల రెన్యువల్ చేస్తే మాత్రం తక్కువది ముందే పెట్టి చూపిస్తరు.

ఇగ కటింగులు, అంటే పార్టులు పాతయని కంపెనీ పట్టుకునే కోతలు. పదేండ్లు దాటిన బండికి ఇనుప పార్టుల మీద 50 శాతం కోత, ప్లాస్టిక్ రబ్బర్‌కు ఎట్లయినా 50 శాతమే, అద్దానికి కోత లేదు. లేబర్ మొత్తం ఇస్తరు. పెయింటింగ్ బిల్లుల నాలుగో వంతు రంగు ఖర్చు అని లెక్క పట్టి దాంట్ల సగం కోస్తరు. నా బిల్లుల ఇనుప సామాను 34,000కి 17,000, ప్లాస్టిక్ 18,000కి 9,000, అద్దం 6,000, డెంటింగ్ లేబర్ 18,000, పెయింటింగ్ 18,000కి 15,750 వచ్చినయ్. మొత్తం 65,750. దాంట్ల 1500 సీసీ లోపు బండికి తప్పనిసరి కోత 1,000, పాత పార్టుల తుక్కు విలువ 1,250 తీసేసి, టోయింగ్ 1,500 కలిపి అకౌంట్‌ల 65,000 వేసిండ్రు. క్రేన్‌తో కలిపి నా జేబుల నుంచి 32,000 పోయినయ్, కూలెంట్ ఏసీ గ్యాస్ అవి వేరే. జీరో డెప్ (పార్టులు పాతయని కోత పెట్టకుండ ఉండే అదనపు కవర్) ఉంటే ఇంత కోత పడదు గని పాత బండ్లకు అది దొరకుడే కష్టం.

పాత బండికే వచ్చే ఇంకో పంచాయితీ ఉన్నది. ఫెండర్ చూసి సర్వేయర్ ఇది పాత తుప్పు, యాక్సిడెంట్‌ది కాదు అని కొట్టేయబోయిండు. నాకు మస్తు కోపమొచ్చింది గని కోపంతోని పని కాదు కదా, అంతకు రెండు నెలల ముందు మా చెల్లె పెండ్లిల పూలు కట్టినప్పుడు తీసిన ఫోటోల ఎడమ ఫెండర్ సాఫ్‌గ కనపడుతున్నది, తారీకుతో సహా మెయిల్ చేసిన, అప్పుడు రాసుకున్నడు. పాత బండి ఉన్నోళ్లు రెన్యువల్ అయిన రోజు నాలుగు పక్కల వీడియో తీసి పెట్టుకోండ్రి. సర్వే రిపోర్ట్ కాపీ కూడ అడగండ్రి, అడిగితే ఇయ్యాలె. క్లెయిమ్ 50,000 దాటితే లైసెన్స్ ఉన్న సర్వేయర్ రావాల్సిందే, ఆయన ఏం రాసిండో తెలియకుండ కొట్లాడి లాభం లేదు.

నాకు అంతదాక రాలే గని కంపెనీ వినకుంటే ముందు వాళ్ల గ్రీవెన్స్ సెల్‌కు రాతపూర్వకంగ పెట్టాలె, బీమా కంపెనీల మీద నిఘా పెట్టే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉన్నది, 155255 నంబర్ ఉన్నది. 30 రోజులల్ల జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా హైదరాబాద్ లక్డీకాపూల్ కాడ బీమా పంచాయితీలు తెంపే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసుకు పోవచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర లేదు.

చిన్న గీతలకు, బంపర్ పగిలిందానికి మాత్రం క్లెయిమ్ చేయకండ్రి. నాకు 50 శాతం ఉన్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏండ్లకు ప్రీమియంల ఇచ్చే తగ్గింపు) ఈ ఒక్క క్లెయిమ్‌తోని సున్నా అయింది, ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే) ప్రీమియం దగ్గర దగ్గర డబుల్ అయింది, మళ్ల 20, 25, 35 అని మెట్లెక్కుకుంట రావాలె. ఐదారు వేల పనికి అది గిట్టదు.

బండి ఇప్పుడు మంచిగనే నడుస్తున్నది. ఎండాకాలమంత ఏసీ వాడిన, రేడియేటర్ కాడ కారుడు లేదు. ఫెండర్ రంగు మాత్రం ఎండల నిలబెట్టి చూస్తే పక్క డోర్‌కు కొంచెం తేడా కొడుతది. ఈసారి రెన్యువల్‌కు సైట్‌ల ఐడీవీ 1,20,000 అని వచ్చింది, నేను అట్లనే కట్టలే, ఫోన్ చేసి 1,60,000 చేయించుకున్న, దానికి ఎక్కువైంది కొన్ని వందలే.