మంత్రం దాచడానికి బుర్రకథా, సటిల్ స్పెల్లా: ఏది మేలు?

బరంపురంలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడే మా జట్టులో ఎప్పటికీ తెగని తగువు ఒకటుంది. నలుగురి మధ్యలో ఎవరికీ అనుమానం రాకుండా మంత్రం వెయ్యాలంటే సోర్సరర్ అనే మాంత్రికుడి సటిల్ స్పెల్ (చడీచప్పుడు లేకుండా మంత్రం వేసే విద్య) నయమా, బార్డ్ అనే గాయక మాంత్రికుడి పాట ముసుగు నయమా?

రూల్స్ మాటకొస్తే సటిల్ స్పెల్‌కి తిరుగులేదు. సోర్సరర్ మంత్రశక్తిని లెక్కకట్టే సోర్సరీ పాయింట్లలో ఒక్కటి ఖర్చు పెడితే నోరు మెదపక్కర్లేదు, చెయ్యి ఆడించక్కర్లేదు. 2014 నాటి రూల్స్ పుస్తకం ప్రకారమైతే మంత్రానికి కావలసిన సామగ్రి మాత్రం తప్పదు. ఎదుటివాడు మన మాట వినేలా చేసే సజెషన్ మంత్రం వెయ్యాలంటే పాము నాలుక, తేనెపట్టు ముక్క లాంటివో, వాటి బదులు పట్టుకునే ఫోకస్ అనే వస్తువో చేతిలో కనబడుతూనే ఉంటుంది. 2024 పుస్తకంలో ఆ బెడద చాలామటుకు తీరింది. ఖరీదు రాసి ఉన్నవీ, మంత్రంతో పాటే ఖర్చైపోయేవీ తప్ప మిగతా సామగ్రి అక్కర్లేదు.

పాట సంగతి వేరు. బార్డ్‌కి వాయిద్యమే ఫోకస్ కదా, వాయిస్తూ ఉంటే ఎవరికీ తెలియదులే అనుకుంటారు చాలామంది. రూల్ అలా లేదు. పలికే మంత్రం పైకి వినిపించేదే, దానికి తగిన శ్రుతిలో పలకాల్సిందే. కాబట్టి అది పాటలో కలిసిపోతుందా లేదా అన్నది ఆట నడిపే డీఎం దయ. మా డీఎం పెర్ఫార్మెన్స్ (ప్రదర్శన నేర్పు) కోసం పాచిక వేయించి, చూసేవాళ్ల పర్సెప్షన్ (పసిగట్టే నేర్పు)తో పోలుస్తాడు. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట రెండో ఎడిషన్‌లో దీన్నే మెలోడియస్ స్పెల్ అని నాలుగో లెవెల్ బార్డ్ ఫీట్‌గా (పాత్రకి ఎంచుకునే ప్రత్యేక నేర్పుగా) పెట్టారు. అది కూడా మంత్రం వేసే తంతునే దాస్తుంది, ఫలితాన్ని కాదు. పాడుతూ పాడుతూ మాయమైపోతే జనం చూడరా మరి!

అయినా నా ఓటు పాటకే. మా బార్డ్ ఓసారి కోట వాకిట్లో బుర్రకథ మొదలుపెట్టాడు. తంబుర తన భుజాన, డక్కీలతో అటొకరు ఇటొకరు. వంతలు "తందాన తాన" అని గొంతు పెంచిన చోట కావలివాడి మీద చార్మ్ పర్సన్ అనే వశీకరణ మంత్రం. వంతల సాయం ఉందని డీఎం అడ్వాంటేజ్ (రెండుసార్లు పాచిక వేసి పెద్దది తీసుకునే వీలు) ఇచ్చాడు. అదే సటిల్ స్పెల్ అయితే "వేశాను" అని ఒక్క ముక్క, మిగతా ఇద్దరూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే. ఎలా దాచినా గంట తర్వాత తన మీద మాయ జరిగిందని కావలివాడికి తెలిసిపోతుంది, ఈలోపు లోపలికి వెళ్లి బయటపడాలి.

పాట ఎక్కడ పడితే అక్కడ పనికిరాదు. జనం రకరకాల వేషాలు కట్టే ఠాకురాణి అమ్మవారి యాత్ర నాటి మా వీధుల్లాంటి చోట ఏ వేషంతో పాడినా ఎవరూ పట్టించుకోరు. రాజుగారు తీర్పు చెబుతుంటే తంబుర మీటారా, అయిపోయారు. అక్కడా, చేతులు కట్టేసి నోట్లో గుడ్డ కుక్కినప్పుడూ సటిల్ స్పెల్లే దిక్కు. పైగా మంత్రం వేస్తున్నట్టు కంటికి కనిపిస్తేనే ఎదుటివాడు దాన్ని ఆపే కౌంటర్‌స్పెల్ వెయ్యగలడు.

పాటకే మొగ్గితే, పాచిక తిరగబడితే ఏమవుతుందో డీఎంతో ముందే తేల్చుకోండి. మా దగ్గరైతే మంత్రం నడుస్తోందని కావలివాడు పసిగడతాడు, వేసిందెవరో మాత్రం తెలియదు. అందుకని డక్కీలతో సహా ముగ్గురినీ పట్టుకుపోతాడు.