ఆరు క్రిస్మస్‌ల సీరియల్ సెట్లు: ఏది నిలిచింది, ఏది పోయింది

మాది తెనాలి. డిసెంబర్ 1 రాగానే డాబా మీద స్టార్ కట్టడం, హాల్లో ఐదడుగుల ప్లాస్టిక్ చెట్టు నిలబెట్టడం ఇంట్లో నా డ్యూటీ. 2019 నుంచి నాలుగు రకాల లైట్లు కొన్నా, రెండు పారేశా, పిట్టగోడకి కట్టే పైప్ లైట్ అటక మీద పెడితే ఎలకలు కొరికేశాయి, ఒకటి మాత్రం ఇంకా వెలుగుతోంది.

మొదటిది రోడ్డు పక్కన కొన్న 120 రూపాయల రంగురంగుల సెట్. పేరూ లేదు ఊరూ లేదు, వైరేమో దారమంత సన్నం. రెండో ఏడు కొమ్మలు సర్దుతుంటే వేలు చురుక్కుమంది, చూస్తే ఒక బల్బు మొదట్లో తొడుగు ఊడి రాగి కనపడుతోంది. అడాప్టర్ లేకుండా నేరుగా 230 వోల్టుల మీద నడిచే రకం అది, చిన్న బల్బుకి మూడు వోల్టులేగా అనుకుంటాం గానీ వరసలో కలిపినవి కాబట్టి ఆ వైరులో ఉండేది ఇంటి కరెంటే. పైగా ప్లాస్టిక్ చెట్టు అని పేరే, లోపలంతా ఇనప రాడ్డూ ఇనప తీగలూ. మా అక్క కూతురికి నాలుగేళ్లు, చెట్టు కిందనుంచి లేవదు. ఆ రోజే పీకేశా.

తర్వాత యూఎస్‌బీ రాగి తీగ లైట్లు. అందంలో వంక పెట్టలేం, తీగ కనపడకుండా చుక్కలే వెలుగుతాయి. కానీ జనవరిలో తీసేటప్పుడు పడిన చిక్కు చూడాలి, అమ్మా నేనూ అరగంట కూర్చుని విప్పీ విప్పీ చివరికి పుటుక్కున తెంపాం. గాజు సీసాలో పెట్టుకోడానికైతే ఓకే.

నిలిచింది 2021లో కొన్న వార్మ్ వైట్, అంటే కాస్త పసుపు ఛాయ ఉన్న తెల్ల లైట్ల సెట్. అడాప్టర్ ఉంది, 31 వోల్టులే, పది మీటర్లకి వంద బల్బులు, సెట్టు 650 చొప్పున రెండు. వైరు లావుగా ముదురాకుపచ్చలో ఉంటుంది కాబట్టి కొమ్మల్లో కలిసిపోతుంది, అదే తెల్లటి ట్రాన్స్‌పరెంట్ వైరైతే పగటిపూట చెట్టుకి సెలైన్ ఎక్కించినట్టుంటుంది. కరెంటు ఖర్చంటారా, రెండూ కలిపి 12 వాట్లు, రోజుకి ఐదు గంటల లెక్కన నెలంతా వేసినా రెండు యూనిట్లు దాటదు.

దీంతో తలనొప్పి ఒకటే, మోడ్ బటన్. ఎనిమిది మోడ్‌లు, చివరిది ఆగకుండా వెలిగేది, దానికోసం ఏడుసార్లు నొక్కాలి, ఎనిమిదోసారి నొక్కామా మళ్ళీ మొదటికే. కరెంటు పోయి వస్తే చాలు టకటకా కొట్టుకోవడం మొదలు, అమ్మేమో వంటింట్లోంచి "ఒరేయ్, అది ఇల్లా రికార్డింగ్ డాన్స్ స్టేజా?" అని కేక. మెమరీ ఉన్న రకం, అంటే కరెంటు పోయి వచ్చినా మనం పెట్టిన మోడ్‌లోనే వెలిగేది, దొరుకుతుందనుకోండి, అప్పుడు నాకు తెలీదు. కొనేటప్పుడు షాపులోనే ఒకసారి ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టమనండి, తెలిసిపోతుంది.

బయటికి మాత్రం ఈ సెట్ వద్దు, అడాప్టర్ తడవకూడదు. బయటికైతే డబ్బా మీద ఐపీ65 (దుమ్మూ నీళ్ళ జల్లూ తట్టుకుంటుందని గుర్తు) అని ఉందో లేదో చూడండి, ప్లగ్గు ఎలాగూ ఇంట్లోనే ఉండాలి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మా కాగితం స్టార్ ముద్దముద్దయి హోల్డర్‌తో సహా పక్కింటి రేకుల మీద పడింది. ఇప్పుడు ప్లాస్టిక్ స్టారే, లోపల 9 వాట్ల ఎల్‌ఈడీ, వాన మొదలైతే ముందు దాని స్విచ్ కట్టేసొస్తా.