సౌండ్‌ఫైల్ లైబ్రరీ: చదవడంలో దిట్ట, చెప్పకుండా మార్చడంలోనూ దిట్టే

తెలుగు మాటల రికార్డింగులను స్పీచ్ మోడళ్ల కోసం సిద్ధం చేయడం నా పని. వచ్చే ఫైళ్లకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. స్టూడియో నుంచి 24 బిట్ల వేవ్, కాల్ సెంటర్ నుంచి 8 కిలోహెర్ట్జ్ ఏ-లా (ఫోన్ మాటలను 8 బిట్లలోకి కుదించే పద్ధతి), వాట్సాప్ నుంచి ఓపస్, ఎవరో ఎడిట్ చేసి పంపిన ఫ్లోట్ (దశాంశ సంఖ్యల) వేవ్. కొన్నేళ్లుగా వీటన్నిటికీ పైథాన్‌లో ఆడియో ఫైళ్లు చదివి రాసే సౌండ్‌ఫైల్‌నే వాడుతున్నాను. లోపల అసలు కష్టం చేసేది లిబ్‌ఎస్ఎన్‌డీఫైల్ అనే సీ లైబ్రరీ. ఎరిక్ డి కాస్ట్రో లోపో మొదలుపెట్టిన ఆ లైబ్రరీ 1999 నుంచీ ఉంది.

ముందు మంచి మాట. ఎన్‌కోడింగ్ ఏదైనా సరే, రీడ్ అని పిలిస్తే చేతికొచ్చేది ఒకే రకం ఫ్లోట్ అర్రే (సంఖ్యల వరస). 8 బిట్ల వేవ్‌లో శాంపిళ్లు, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు, 0 నుంచి 255 దాకా ఉంటాయి, నిశ్శబ్దం 128 దగ్గర. ఆపిల్ తెచ్చిన మామూలు ఏఐఎఫ్ఎఫ్ ఫార్మాట్‌లో అవే 8 బిట్లు మైనస్ 128 నుంచి 127 దాకా ఉంటాయి, నిశ్శబ్దం 0 దగ్గర. 24 బిట్లకైతే పైథాన్‌లో అర్రేల కోసం వాడే నమ్‌పైలో అసలు టైపే లేదు. పైథాన్‌తో పాటు వచ్చే వేవ్ మాడ్యూల్ ఉత్త బైట్లు చేతిలో పెట్టి ఊరుకుంటుంది, మూడేసి కలుపుకుని సైన్ బిట్ (ప్లస్సో మైనస్సో చెప్పే బిట్) చూసుకునే తంటా మనదే. సౌండ్‌ఫైల్‌తో ఈ గొడవేదీ లేదు. ఇంట్32 (32 బిట్ల పూర్ణాంకాలు) అడిగితే 24 బిట్లను పైకి జరిపి ఇస్తుంది కాబట్టి అంకెలు 256 రెట్లు కనిపిస్తాయి, అంతే.

తలనొప్పంతా ఫ్లోట్ ఫైల్‌ను ఇంట్16గా అడిగినప్పుడు. విలువలను 16 బిట్ల పరిధికి తగ్గట్టు స్కేల్ చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. చేయదు. ఫైల్‌లో 42.6 ఉంటే 43 ఇస్తామని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. మామూలు ఆడియో మైనస్ 1కీ 1కీ మధ్యే ఉంటుంది కాబట్టి మిగిలేవి 0, 1, మైనస్ 1 మాత్రమే. ఒకసారి ఒక వెండర్ చెప్పాపెట్టకుండా 16 బిట్ల నుంచి ఫ్లోట్‌కు మారాడు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, ఫైళ్ల నిడివి సరిగ్గానే ఉంది, ట్రాన్స్‌క్రిప్టులు మాత్రం ఖాళీ. గరిష్ఠ విలువ ప్రింట్ చేస్తే 1 అని వచ్చింది. ఇలాంటి చోట గట్టిగా అరవాల్సిన లైబ్రరీ నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఇప్పటికీ నచ్చదు.

రాసేటప్పుడూ ఇదే తీరు. ఫ్లోట్64 అర్రే ఇచ్చి వేవ్‌గా సేవ్ చేయమంటే 16 బిట్లలోకి కుదించేస్తుంది. అర్రే టైప్‌ను పట్టించుకోదు, సబ్‌టైప్ (ఫైల్‌లో శాంపిళ్లను దాచే రకం) మనమే రాయాలి. ఒక ఊరట ఏమిటంటే 1 దాటిన విలువలను అంచు దగ్గరే కత్తిరిస్తుంది. సీ లైబ్రరీని నేరుగా వాడితే ఆ క్లిప్పింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, దాటిన విలువ చుట్టు తిరిగి మైనస్‌లోకి పడి టప్‌మని వినిపిస్తుంది.

హెడర్ (ఫైల్ మొదట్లో దాని వివరాలు చెప్పే భాగం) లేని కాల్ రికార్డింగులు వేరే కథ. ఫోన్ ఆడియోకు వాడే 1972 నాటి జీ.711 ప్రమాణంలో రెండు రకాలున్నాయి: మన దేశంలో, యూరప్‌లో ఏ-లా, అమెరికా, జపాన్‌లలో మ్యూ-లా. వేవ్ హెడర్ ఉంటే 6, 7 అనే కోడ్‌లతో తేడా తెలుస్తుంది. హెడర్ లేని రా ఫైలైతే శాంపిల్ రేట్, ఛానళ్లు, సబ్‌టైప్ మనం చెప్పాల్సిందే. రకం తప్పు చెప్పినా మాట వినబడుతుంది, అదే అసలు ప్రమాదం. ఏ-లాలో నిశ్శబ్దమంటే 213 లేదా 85 అనే బైట్, 16 బిట్ల లెక్కలో విలువ 8 లేదా మైనస్ 8. దాన్నే మ్యూ-లా అనుకుని చదివితే 716, మైనస్ 716 వస్తాయి. అందుకే మాటల మధ్య ఖాళీల్లో బరబరమంటుంది. కొత్త క్లయింట్ ఫైల్ వస్తే నేను మాట జోలికి పోను, ముందు ఆ ఖాళీలే చూస్తాను.

మెమరీ సంగతి. డిఫాల్ట్ ఫ్లోట్64లో 16 కిలోహెర్ట్జ్ మోనో ఒక గంటకు 460 ఎంబీ దాకా తింటుంది, ఫ్లోట్32 అంటే సగం. పొడవు ఫైళ్లకు ముక్కలుగా చదివే బ్లాక్స్ ఫంక్షన్ బాగుంది, ఒకే బఫర్‌ను మళ్లీమళ్లీ వాడుకోవచ్చు. మోనో అయితే ఒక డైమెన్షన్, స్టీరియో అయితే రెండు ఇవ్వడం చిరాకు. ఆల్వేస్_2డీ ఆన్ చేసుకుంటే సరి. పైటార్చ్ వాళ్ల ఆడియో లైబ్రరీ టార్చ్‌ఆడియోలో ఛానళ్లు ముందు, ఇక్కడ ఫ్రేములు (ఒక్కో క్షణానికి అన్ని ఛానళ్ల శాంపిళ్లు) ముందు. తిప్పుకోవడం మర్చిపోకండి.

పైథాన్ 3.13లో ఏ-లా, మ్యూ-లా మార్పిడి చేసే ఆడియోఆప్ మాడ్యూల్‌ను తీసేశాక టెలిఫోనీ స్క్రిప్టులు చాలా మూలపడ్డాయి. మా వాటిలో ఫైళ్లు చదివే భాగం సౌండ్‌ఫైల్‌కు సాఫీగానే మారింది. రీశాంప్లింగ్ (శాంపిల్ రేట్ మార్చడం) మాత్రం ఇందులో లేదు, దానికి వేరే లైబ్రరీ పెట్టుకున్నాం. ఎంపీ3 వచ్చింది గానీ ఎం4ఏ ఇప్పటికీ తెరవదు. ఫోన్లలోంచి వచ్చేవి సగం అవే కాబట్టి వాటిని ముందు ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే కన్వర్టర్‌తో వేవ్ చేసి, ఆ తర్వాతే దీనికి ఇస్తున్నాం.