మెక్‌బెత్ 1979 రికార్డింగ్: తలరాత మీద తోసేద్దామంటే కుదరదు

స్టేజీ నాటకాన్ని వీడియో తీస్తే చాలాసార్లు అటు నాటకమూ కాక ఇటు సినిమా కాక మిగిలిపోతుంది. ఇది అలాంటిది కాదు. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ కోసం ట్రెవర్ నన్ 1976లో స్ట్రాట్‌ఫర్డ్‌లోని ది అదర్ ప్లేస్ అనే బుల్లి థియేటర్లో ఆడించిన షేక్‌స్పియర్ నాటకం ‘మెక్‌బెత్’ని థేమ్స్ టెలివిజన్ వాళ్లు తర్వాత రికార్డు చేసి 1979లో ప్రసారం చేశారు. మంత్రగత్తెలు రాజువవుతావని జోస్యం చెబితే, సేనాపతి మెక్‌బెత్ తన రాజు డంకన్‌ని చంపి కిరీటం లాక్కునే కథ ఇది; తప్పు అతనిదా, తలరాతదా అన్నది పాత వాదన. మెక్‌బెత్‌గా ఇయన్ మెకెలెన్, భార్యగా జూడీ డెంచ్. గాండాల్ఫ్ తాత, జేమ్స్ బాండ్ బాసమ్మ అంటే మనవాళ్లకి ఠక్కున వెలుగుతుంది.

సెట్టంటూ ఏమీ లేదు. చుట్టూ నలుపు, నేల మీద ఒక వలయం, అంతే. కోటల్లేవు, గుర్రాల్లేవు. మొదట్లో ‘ఇంతేనా?’ అనిపిస్తుంది గానీ కెమెరా మొహాల దగ్గరికి వెళ్లి అక్కడే తిష్ట వేశాక ఇక కళ్లు తిప్పుకోలేం.

నాకు బాగా నచ్చింది మంత్రగత్తెల్ని చూపించిన తీరు. పొగలూ మెరుపులూ పెట్టి హడలగొట్టకుండా ఇద్దరు పెద్దాడవాళ్లనీ, ఒంటి మీద అదుపు లేని ఒక అమ్మాయినీ పెట్టారు. వీళ్లా ఒక సేనాపతి తలరాత రాసేది అనిపిస్తుంది. నిజానికి వాళ్లు చెప్పింది కూడా ‘రాజువవుతావు’ అనే, డంకన్‌ని చంపమని ఒక్క ముక్క అనలేదు. పక్కనే ఉన్న తోటి సేనాపతి బాంకో కూడా జోస్యం విన్నాడు, అతని వంశంలో రాజులు పుడతారన్నారు, అయినా అతను కత్తి తీయలేదు కదా. షేక్‌స్పియర్ కథ తీసుకున్న, హోలిన్‌షెడ్ అనే ఆయన పేరు మీదున్న చరిత్ర పుస్తకంలో బాంకో కూడా హత్యలో భాగస్వామే. అప్పటి రాజు మొదటి జేమ్స్ బాంకో వంశస్థుణ్ణని చెప్పుకునేవాడు కాబట్టి షేక్‌స్పియర్ బాంకో మీద ఆ మచ్చ తుడిచేసి ఉంటాడని అంటారు. కారణం రాజకీయమే అయినా నాటకానికి మాత్రం మేలే జరిగింది: జోస్యం ఇద్దరికీ చెప్పారు, హంతకుడు ఒక్కడే అయ్యాడు.

పైగా రాసిపెట్టి ఉంటే నేను వేలు కదపకుండానే కిరీటం వస్తుందని మొదట అనుకునేది మెక్‌బెతే. రాజు తన కొడుకు మాల్కమ్‌ని వారసుడిగా ప్రకటించగానే ఆ ఓపిక పోతుంది. మళ్లీ హత్య రాత్రి, డంకన్ నా చుట్టం, నా ఇంటికొచ్చిన అతిథి, మంచి రాజు అని చంపకూడని కారణాలన్నీ తనే లెక్కపెట్టి, ఈ పని వద్దని భార్యతో అంటాడు కూడా. ఇంత తెలిసినవాడు చేశాడంటే విధి అనడానికి నాకైతే నోరు రాదు.

‘పెళ్లాం చెడగొట్టింది’ అనే వాదన ఒకటుంటుంది కదా, జూడీ డెంచ్‌ని చూశాక అది కూడా నిలబడదు. మగాడివేనా అని ఎత్తిపొడిచి పురమాయించింది ఆమే, కాదనను, కానీ దుష్టశక్తుల్ని పిలుస్తున్నప్పుడే ఆమెలో భయం కనిపిస్తుంది. తర్వాత బాంకోని చంపించే సంగతి మొగుడు ఆమెకి చెప్పనే చెప్పడు. తనకి ఎదురుతిరిగిన మక్‌డఫ్ అనే ప్రభువు ఇంగ్లండ్ పారిపోయాడని తెలిశాక కూడా ఇంట్లో మిగిలిన భార్యాపిల్లల్ని నరికించడం ఏ మంత్రగత్తె చెప్పిందీ కాదు, దానివల్ల అతనికి ఒరిగేదీ లేదు. ఆ కబురు విన్నప్పుడు మక్‌డఫ్ వేషం వేసిన బాబ్ పెక్ మొహం చూడండి. నిద్రలో నడిచే సీన్లో డెంచ్ ఏడుపు గురించి నేనేం రాసినా తక్కువే.

లోపాలు లేవా? ఉన్నాయి. ఇంగ్లండ్‌లో మాల్కమ్, మక్‌డఫ్‌ని పరీక్షించే సీను సాగుతూ.... ఉంటుంది, టీ పెట్టుకుని రావచ్చు. పాతకాలపు టీవీ చిత్రం, రెండు పక్కలా నల్ల పట్టీలు తప్పవు. యుద్ధాల కోసం చూసేవాళ్లకి నిరాశే. నా మార్కులు అయిదుకి నాలుగున్నర.

ఇంగ్లిష్ లిటరేచర్ చదివే పిల్లలు ముందు మొదటి అంకం ఏడో దృశ్యం ఒకసారి చదువుకుని కూర్చోండి, లేకపోతే ఆ భాష చెవికెక్కేలోపే హత్య అయిపోతుంది. ఫోన్లో మాత్రం వద్దు, ఆ చీకట్లో సగం మనుషులు కనపడరు.