1972 డాల్ఫిన్స్‌ గొప్పా, 1985 బేర్స్‌ గొప్పా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో ఈ రెండు జట్లనీ పోలిస్తే, రికార్డులో మయామీ డాల్ఫిన్స్‌దే పైచేయి. 1972లో ఆడిన 17 మ్యాచ్‌లూ గెలిచారు, సూపర్ బౌల్‌తో (లీగ్ ఫైనల్‌తో) కలిపి. అదీ ఐదో మ్యాచ్‌లోనే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడి నడిపించే ఆటగాడు) బాబ్ గ్రీసీ కాలు విరిగితే, 38 ఏళ్ల ఎర్ల్ మోరల్ వచ్చి బండి లాగించాడు! కాకపోతే రెగ్యులర్ సీజన్‌లో (ప్లేఆఫ్స్ అనే నాకౌట్ మ్యాచ్‌లకు ముందు) వాళ్లకు తగిలిన జట్లలో ఒక్కటి కూడా ఆ ఏడాది 8 గెలుపులు దాటలేదు, ఇది చాలామంది చెప్పరు.

షికాగో బేర్స్ లెక్క వేరు. 1985 రెగ్యులర్ సీజన్‌లో 15 గెలిచి ఒకటి ఓడారు గానీ, కోచ్ బడీ రయన్ తీర్చిదిద్దిన డిఫెన్స్ ముందు అవతలి క్వార్టర్‌బ్యాక్‌కు ఊపిరి ఆడేది కాదు. ప్లేఆఫ్స్‌లో జెయింట్స్‌కి, రామ్స్‌కి దక్కిన పాయింట్లు సున్నా, సూపర్ బౌల్‌లో పేట్రియట్స్‌ మీద 46-10. డాల్ఫిన్స్ ఫైనల్ మాత్రం 14-7, అందులోనూ కిక్కర్ యెప్రేమియన్ బంతి విసరబోయి చేజార్చి ఎదుటివాళ్లకు టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించి చేసే స్కోరు) ఇచ్చేశాడు (చూస్తే ఇప్పటికీ నవ్వాగదు).

నా ఓటు బేర్స్‌కే. వాళ్ల స్టార్ ఆటగాడు వాల్టర్ పేటన్ లాంటివాడికి ఆ సూపర్ బౌల్‌లో ఒక్క టచ్‌డౌన్ కూడా దక్కకపోవడం మాత్రం అన్యాయం. ఇంతకీ బేర్స్‌కి ఆ ఒక్క ఓటమి ఎవరి చేతిలోనో తెలుసా? మయామీలో, డాన్ షులా కోచ్‌గా ఉన్న డాల్ఫిన్స్ చేతిలోనే, 38-24.